మన మారియో పాట ఎందుకు నిదానం? టీవీ గేమ్ నుంచి రాస్ప్‌బెర్రీ పై దాకా

ఇవాళ్టిది బిల్డ్ ఎపిసోడ్ కాదు. రాస్ప్‌బెర్రీ పై మీద పాత గేములు ఎలా పెట్టుకోవాలో చూపించినప్పటి నుంచీ చాలామంది ఒకటే మాట అంటున్నారు. "అన్నా, అంతా బానే ఉంది గానీ మారియో పాట తేడాగా ఉంది. చిన్నప్పుడు మనింట్లో ఇలా వినపడేది కాదు." జ్ఞాపకం అంతేలే, మసకబారిపోతుంది అని సర్దిచెప్పేయొచ్చు. కానీ వాళ్లు చెప్పింది నిజం. రాజమండ్రిలోనో, అమలాపురంలోనో, పాలకొల్లులోనో టీవీ గేమ్ ఆడినవాళ్లు విన్న పాట వేరు, జపాన్ పిల్లలు విన్న పాట వేరు. ఎందుకో చెప్పాలంటే 1975 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికాలో మాస్ టెక్నాలజీ అనే కంపెనీ 6502 అనే చిప్‌ని అమ్మకానికి పెట్టింది. చక్ పెడల్ టీమ్ తయారు చేసింది. ధర 25 డాలర్లు. అప్పటికి ఇంటెల్, మోటొరోలా చిప్‌లు దీనికి ఎన్నో రెట్లు ఉండేవి. ఇంత చవగ్గా ప్రాసెసర్ దొరికేసరికి ఇళ్లలో కూర్చుని కంప్యూటర్లు కట్టేవాళ్లు బయల్దేరారు. స్టీవ్ వోజ్నియాక్ కట్టిన యాపిల్ 1, యాపిల్ 2 రెండూ దీనిమీదే నడిచాయి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలినట్టు ఈ చిప్ కూడా చాలా పాయలుగా చీలింది. మనకి కావాల్సినవి అందులో రెండే. ఒకటి జపాన్ వెళ్లింది, ఇంకోటి ఇంగ్లండ్ వెళ్లింది.

ముందు జపాన్ పాయ. 1983 జూలై 15న నింటెండో ఫామికామ్ విడుదల చేసింది. అమెరికాలో దీన్నే ఎన్‌ఈఎస్ అన్నారు. దాని లోపల రికో కంపెనీ చేసిన చిప్ ఉంటుంది. 6502 డిజైనే, కాకపోతే అందులో పేటెంట్ ఉన్న దశాంశ లెక్కల భాగాన్ని పనిచేయకుండా చేసి, పక్కన సౌండ్ సర్క్యూట్ జోడించారు. తర్వాత తైవాన్‌లో యూఎంసీ అనే కంపెనీ ఈ చిప్‌లకి నకళ్లు తీసింది. ఇంకొన్నాళ్లకి ప్రాసెసర్, వీడియో, సౌండ్ అన్నీ కలిపి ఒకే చిప్‌లో కుదించారు. అక్కడితో ఆట మారిపోయింది. ప్లాస్టిక్ డబ్బా, ఒక చిప్, రెండు రిమోట్లు ఉంటే చాలు, ఎవరైనా టీవీ గేమ్ తయారు చేయొచ్చు. బ్రాండ్ ఏదన్నా పెట్టుకోవచ్చు.

అసలు మెషీన్లు మన దగ్గరికి రాలేదా అంటే, వచ్చాయి. 1995లో షా వాలెస్ కంపెనీ సెగాతో ఒప్పందం చేసుకుని మెగా డ్రైవ్‌ని ఇండియాలో అమ్మింది. అప్పట్లో దిగుమతి సుంకం 80 శాతం. దాన్ని తప్పించుకోడానికే ఆ ఒప్పందం. అయినా ధర 18,000 రూపాయలు. 1995లో 18,000 అంటే మన డెల్టాలో మధ్యతరగతి ఇంట్లో ఆటవస్తువుకి పెట్టే డబ్బు కాదు కదండీ. అందుకే గెలిచింది నకలు డబ్బా.

ఆ డబ్బా మన ఊళ్లకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మెయిన్ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపు. రెండోది గల్ఫ్ సూట్‌కేసు. కోనసీమలో, నరసాపురం వైపు ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉండే వీధులు మీకు తెలుసు. సెలవుకి వచ్చినప్పుడు సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, తలనొప్పి బామ్ మధ్యలో చుట్టిపెట్టుకుని టీవీ గేమ్ తెచ్చేవాళ్లు. మా వీధిలో మొదటిది అలా వచ్చిందే. మస్కట్‌లో వంటపని చేసే ఒక పెద్దమ్మ తన మనవడికి తెచ్చింది. సాయంత్రమయ్యేసరికి వాళ్ల గుమ్మం ముందు పదిహేను జతల చెప్పులు ఉండేవి. కరెంటు పోతే ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు, చీకట్లో అలాగే కూర్చునేవాళ్లు. లేస్తే వంతు పోతుంది మరి.

ఇప్పుడు పాట సంగతి. మన దేశంలో కలర్ టీవీ 1982లో వచ్చింది, ఢిల్లీ ఆసియాడ్ ఏడాది. మనం తీసుకున్నది పాల్ పద్ధతి. అంటే టీవీ సెకనుకి 50 సార్లు తెర గీస్తుంది. జపాన్, అమెరికా టీవీలు 60 సార్లు గీస్తాయి. ఫామికామ్ గేములు రాసినవాళ్లు ఏం చేశారంటే, తెర ఒక్కసారి గీసినప్పుడల్లా పాటని ఒక్క అడుగు ముందుకి జరిపారు. టైమ్ కొలవడానికి వాళ్లకి అదే గడియారం. అదే గేమ్‌ని పాల్ టీవీ కోసం చేసిన నకలు డబ్బాలో పెడితే అడుగులు సెకనుకి 50 మాత్రమే పడతాయి. జపాన్‌లో 60 సెకన్లలో అయిపోయే పాట మన దగ్గర 72 సెకన్లు నడుస్తుంది. మారియో కూడా అదే లెక్కన నిదానంగా పరిగెడతాడు. శ్రుతి మాత్రం దాదాపు మారదు. ఎందుకంటే శ్రుతి ప్రాసెసర్ క్లాక్ మీద ఆధారపడుతుంది. అసలుది సెకనుకి 17.9 లక్షల సైకిళ్లు, నకలుది 17.7 లక్షలు. చెవికి పెద్దగా తెలియని తేడా అది.

చూడండి, మన దేశంలో ఏ టీవీ పద్ధతి పెట్టాలో ఎవరో నిర్ణయించారు, దాంతో ఎన్నో ఏళ్ల తర్వాత మా వీధిలో మారియో నడక ఖరారైపోయింది.

ఇంకో తేడా ఉంది, ఇది నాకు ఎక్కువ ఇష్టం. ఈ చిప్‌లో శబ్దం చదరపు తరంగంతో వస్తుంది. అంటే కరెంటు ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్. మొత్తం సమయంలో ఎంత శాతం ఆన్‌లో ఉందన్నదాన్ని బట్టి ధ్వని స్వభావం మారుతుంది. ఒకే స్వరం పిల్లనగ్రోవి మీద వాయిస్తే ఒకలా, సన్నాయి మీద వాయిస్తే ఒకలా ఉంటుంది చూశారా, అలా. 50 శాతం అయితే గుల్లగా, మెత్తగా ఉంటుంది. 25 అయితే సన్నగా, కొంచెం ముక్కుతో పాడినట్టుంటుంది. యూఎంసీ వాళ్ల పాల్ చిప్‌లో ఈ రెండూ తారుమారయ్యాయి. గేమ్ 25 అడిగితే చిప్ 50 ఇస్తుంది, 50 అడిగితే 25. ఆ తర్వాత వచ్చిన నకళ్లలో కూడా చాలావాటికి ఇదే పోలిక వచ్చింది. అంటే మనం విన్నది నిదానంగా నడిచే, వాయిద్యాలు తారుమారైన మారియో పాట. ఇంటర్నెట్‌లో "ఒరిజినల్" అని వినిపించేది మనది కాదు.

ఇక ఇంగ్లండ్ పాయ. కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే కంపెనీ 1981 చివర్లో 6502 మీద బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ తెచ్చింది. ఇంగ్లండ్ స్కూళ్లలో చాలావాటిలో ఇదే. ఇది మన దేశానికీ వచ్చింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద సుమారు 250 స్కూళ్లలో బీబీసీ మైక్రోలు పెట్టడంతో మొదలుపెట్టింది. మొహాలీలో ఉన్న ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ యూనికార్న్ పేరుతో దీన్ని ఇక్కడే తయారు చేసింది. 1989లో ఆ సంస్థ చిప్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా ఉంది, ఇప్పుడు వద్దు.

ఏకార్న్‌లో పనిచేసే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ తర్వాతి కంప్యూటర్‌కి చిప్ కోసం వెతికారు. 6502 వారసుణ్ణి డిజైన్ చేస్తున్న కంపెనీని చూద్దామని అమెరికాలో ఫీనిక్స్ వెళ్తే, అక్కడ పట్టుమని కొద్దిమంది కూర్చుని పని చేసేస్తున్నారు. వీళ్లు చేయగలిగితే మనమెందుకు చేయలేం అనుకుని వెనక్కొచ్చి సొంత చిప్ మొదలుపెట్టారు. 1985 ఏప్రిల్‌లో అది పనిచేసింది. దాని పేరు ఏకార్న్ రిస్క్ మెషీన్, పొట్టిగా ఆర్మ్. అవునండి, ఇప్పుడు ఈ ఎపిసోడ్ మీరు చదువుతున్న ఫోన్‌లో ఉన్న ఆర్మ్ అదే వంశం.

చిన్నప్పుడు బీబీసీ మైక్రో మీద ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లలో ఎబెన్ అప్టన్ ఒకడు. కాలేజీకి వచ్చే పిల్లలకి ప్రోగ్రామింగ్ రావడం లేదు, ఇంట్లో కెలికి పాడుచేసుకోడానికి చవక కంప్యూటర్ లేకపోవడమే కారణం అనుకుని అతను, మరికొందరు కలిసి రాస్ప్‌బెర్రీ పై చేశారు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. 35 డాలర్లు, 700 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. మోడల్ ఏ, మోడల్ బీ అన్న పేర్లు కూడా బీబీసీ మైక్రో నుంచి తెచ్చుకున్నవే. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటారని చేస్తే జనం దాన్ని గేమ్ డబ్బాగా మార్చేశారు. అదే ఏడాది రెట్రోపై మొదలైంది, తర్వాత రీకాల్‌బాక్స్, లక్కా, బటోసెరా వచ్చాయి. 2016లో నింటెండో తనే చిన్న సైజు ఎన్‌ఈఎస్ అమ్మింది. దాన్ని విప్పితే లోపల ఆర్మ్ చిప్, లినక్స్, ఒక ఎమ్యులేటర్. మనం బల్ల మీద చేసుకునేదే!

కాబట్టి పై మీద టీవీ గేమ్ ఆడుతున్నప్పుడు జరుగుతున్నది ఏంటంటే, 6502కి ఒక పాయలో పుట్టిన మనవడు, ఇంకో పాయలో పుట్టిన వాడి గొంతుని అనుకరిస్తున్నాడు. గోదావరి పాయలు సముద్రంలో కలిసినట్టు ఇవి ఇక్కడ కలిశాయి.

నాకు ఇబ్బందిగా అనిపించేది ఒకటుంది. మనం గైడ్లన్నీ అమెరికా వాళ్లవి చూస్తాం. వాళ్ల "టాప్ 50" జాబితా చూసి గేములు పెట్టుకుంటాం. అందులో ట్యాంకుల ఆట ఉండదు. అదే బ్యాటిల్ సిటీ, నామ్‌కో 1985లో చేసింది, అమెరికాలో ఎన్‌ఈఎస్ మీద రానేలేదు. రోడ్ ఫైటర్ కూడా అక్కడ రాలేదు. సర్కస్ చార్లీ రాలేదు. మన వీధిలో కొట్టుకుని మరీ ఆడిన మూడు ఆటలూ వాళ్ల బాల్యంలో లేవు, అందుకే జాబితాలో లేవు. ఇలా పెట్టుకుంటే పై మీద ఆడేది ఒహాయోలో ఎవరో కుర్రాడి బాల్యం అవుతుంది, మనది కాదు.

సెట్టింగ్ సంగతి చెప్పేస్తాను. రెట్రోఆర్క్‌లో ఎఫ్‌సీఈయూఎంఎమ్ కోర్ తీసుకోండి. ఆప్షన్లలో రీజియన్ దగ్గర డెండీ అని పెట్టండి, డ్యూటీ సైకిల్ స్వాప్ ఆన్ చేయండి. పాట వెంటనే మారుతుంది. మా బావకి చెప్పకుండా మార్చి వినిపిస్తే మొదటి నాలుగు స్వరాలకే "ఆయ్, ఇదేరా" అన్నాడు. పాత డబ్బా టీవీ ఇంకా ఉంటే పై 3లో, పై 4లో కూడా, ఆడియో జాక్ నుంచే పసుపు వైరుకి వీడియో వస్తుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎస్‌డీటీవీ మోడ్ 2 పెడితే పాల్. పై 4కి టీవీ అవుట్ విడిగా ఆన్ చేయాలి. వైరు కొనేటప్పుడు మల్టీమీటర్‌తో చూసుకోండి, పిన్ కొస నుంచి మూడోది గ్రౌండ్ అవ్వాలి. టీవీ వెనక మూత మాత్రం విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపల హై వోల్టేజ్ నిలిచి ఉంటుంది. తుపాకీతో బాతుల్ని కొట్టే ఆట ఎల్‌ఈడీ టీవీలో పనిచేయదు. ఆ తుపాకీ కంటికి పాత టీవీ తెర గీసే వెలుగే కావాలి.

ఆ ఆప్షన్ పేరు గమనించారా? డెండీ. అది రష్యాలో 1992 చివర్లో స్టీప్లర్ అనే కంపెనీ అమ్మిన నకలు డబ్బా. మనది ఎలాంటిదో అదీ అలాంటిదే. కానీ రష్యా వాళ్లు తమ డబ్బాల్ని విప్పారు, చిప్ నంబర్లు రాసుకున్నారు, టైమింగ్ కొలిచారు, కాసెట్లని కాపీ చేసి భద్రపరిచారు. అందుకే ప్రపంచం మొత్తం వాడే ఎమ్యులేటర్లో వాళ్ల డబ్బా పేరు ఉంది. మన పిల్లలూ వాళ్ల పిల్లలంత ఆడారు. రాసిపెట్టినవాళ్లు తక్కువ.

పోనీ తర్వాత చూద్దాం అనుకోడానికి టైమ్ లేదు. మన పసుపు కాసెట్లలో మామూలు చిప్ ఉండదు, సిలికాన్ ముక్క మీద నల్లటి జిగురు బొట్టు వేసి ఉంటుంది. మన కోస్తా తేమకి పిన్నులు పచ్చబడతాయి. మనం నోటితో ఊది ఇంకాస్త తేమ ఇచ్చాం! బొట్టు కింద కనెక్షన్ పోతే బాగుచేయడం దాదాపు అసాధ్యం. మీద "9999 ఇన్ 1" అని ఉన్నా లోపల ఉండేవి కొద్ది గేములే. అదే కాంట్రాని ప్రాణాలు మార్చి, లెవెల్ మార్చి మళ్లీ మళ్లీ లిస్టులో పెట్టారు. కానీ ఆ మెనూ, దాని వెనక బొమ్మ, దాని పాట ఉన్నాయే, అవి నింటెండో చేసినవి కావు, ఏ టాప్ 50 ప్యాక్‌లోనూ దొరకవు. ఈలోగా అటకల మీద ఉన్నవి పాత సామాన్ల బండికి ప్లాస్టిక్ బకెట్ కింద వెళ్లిపోతున్నాయి.

చట్టం గురించి అడుగుతారు కాబట్టి చెప్తాను. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, సక్రమంగా సంపాదించుకున్న ప్రోగ్రామ్‌కి సొంత వాడకం కోసం, వ్యాపారం కాకుండా, కాపీ తీసుకోవచ్చు. మన కాసెట్లు పుట్టుకతోనే నకళ్లు, కాబట్టి ఆ రక్షణ వాటికి వర్తిస్తుందని నేను అనను. పది వేల గేములు నింపిన మెమరీ కార్డులు కొనొద్దు, అమ్మొద్దు. మెనూ ఫోటో, బోర్డు ఫోటో, చిప్ నంబరు రాసుకోడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అటక ఎక్కి చూడండి. కాసెట్ దొరికితే ఊదకండి. చెవి పుల్లకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పిన్నులు తుడవండి, రెండు వైపులా 30 చొప్పున 60 ఉంటాయి. లేబుల్ ఫోటో తీయండి. స్క్రూ ఊడదీసి బోర్డు రెండు పక్కలా ఫోటో తీయండి. డబ్బా పనిచేస్తుంటే మెనూ దగ్గర ఆపి పాట ఒక్క నిమిషం ఫోన్లో రికార్డు చేయండి. ఎవరు తెచ్చారు, ఏ ఊళ్లో కొన్నారు, ఏ సంవత్సరం అన్నది ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పక్కనే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక పసుపు కాసెట్‌ని కంప్యూటర్‌కి తగిలించి లోపల ఎన్ని గేములున్నాయో లెక్కపెడదాం. ఉంటానండి.