ఆఫీసు గోడలూ, రామగుండం బూడిదా

కో-వర్కింగ్ ఆఫీసుల ప్రకటనల్లో 'గ్రీన్ ఇంటీరియర్స్' అన్న మాట చూసినప్పుడల్లా నాకు కుండీల్లో మొక్కలకన్నా ముందు రామగుండం గుర్తొస్తుంది. ఎందుకంటారా? చెప్తాను.

గోదావరిఖని పక్కన ఎన్టీపీసీ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. తర్వాత అది 2,600 మెగావాట్లకి పెరిగింది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. మూడు టన్నులు కాలిస్తే దాదాపు ఒక టన్ను బూడిదే! దాన్ని నీళ్లలో కలిపి బూడిద చెరువుల్లోకి పంపుతారు. అవి ఎండాకాలంలో ఆరి, గాలికి లేస్తే చుట్టుపక్కల ఊళ్ల గతి ఊహించుకోండి.

1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రాలకి 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకలు చేసేవాళ్లు కనీసం 25 శాతం బూడిద కలపాలి, కేంద్రాలు పదేళ్లపాటు బూడిదని ఉచితంగా ఇవ్వాలి. 2003లో ఆ దూరం 100 కిలోమీటర్లయింది. చెత్త కాస్తా సరుకయిందన్నమాట.

2004 జులైలో హైదరాబాదులో సీఐఐ-గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ని అబ్దుల్ కలాంగారు ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన తొలి భవనం అదే. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. బూడిద ఇటుకలు, చెరకు పిప్పి బోర్డులతో చేసిన ఫర్నిచరు, జాలీ గోడలు, మధ్యలో ఖాళీ ఆవరణ. మన మండువా ఇళ్ల తెలివే కదా!

అయితే ఒక లెక్క మర్చిపోకూడదు. బూడిదని ఇటుకలో పెట్టినంత మాత్రాన పొగగొట్టంలోంచి పోయిన కార్బన్ వెనక్కి రాదు. కలిసొచ్చేది ఇటుకబట్టీ మంట, పొలం పైమట్టి, సిమెంటులో కొంత క్లింకరు. అదైనా గోడ పదికాలాలు నిలబడితేనే. మనమేమో అద్దెకుండే కంపెనీ మారిన ప్రతిసారీ పార్టిషన్లు కొట్టేసి, ఫాల్స్ సీలింగు పీకేసి, కొత్త లోగో రంగుల్లో మళ్లీ కడుతున్నాం. బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే. నడుస్తున్న కోడ్ని పారేసి మొదట్నుంచీ రాస్తానంటే మనం ఒప్పుకుంటామా?

అందుకే నా మట్టుకు నాకు, షేర్డ్ ఆఫీసు చూడ్డానికి వెళ్తే అడగాల్సినవి రెండే: పాతవాటిలో ఎన్ని ఉంచారు? కొత్తవి విప్పి ఇంకోచోట బిగించుకోవచ్చా? సర్టిఫికెట్ సంగతి ఆ తర్వాత.

ఖని కార్మికులు భూమిలోకి దిగి తెచ్చిన బొగ్గుకి, అక్కడి ఊళ్లు మింగిన దుమ్ముకి, ఆ గోడని మూడేళ్లకే కూల్చకుండా ఉండటం మనమివ్వగలిగిన కనీస మర్యాద. ఏమంటారు?