అయిదు స్వరాల ఆజ్ఞ: యుద్ధరంగంలో బ్యూగిల్ సంకేత వ్యవస్థ

బ్యూగిల్‌కు మీటలు లేవు, వేళ్లతో మూసే రంధ్రాలూ లేవు. సుమారు నాలుగున్నర అడుగుల లోహపు గొట్టాన్ని మెలిపెట్టి, ఒక కొసన పెదవులానించే మూతి, రెండో కొసన విచ్చుకున్న నోరు అమర్చితే వాద్యం సిద్ధం. పెదవుల బిగువు మార్చడమొక్కటే ఊదేవాడి చేతిలో ఉన్నది. సైనిక పిలుపులకు పనికొచ్చేవి అయిదే స్థానాలు: షడ్జమం, పంచమం, పై షడ్జమం, ఆపైన అంతర గాంధారం, మళ్లీ పంచమం. రిషభ మధ్యమాలు లేవు, ధైవత నిషాదాలు లేవు. పిలుపుల మధ్య తేడా చూపే భారమంతా లయ మీద, స్వరాల వరుస మీద పడింది. బ్యూగిల్‌ను వాద్యాల చరిత్రలోనో, కవాతు లాంఛనాల్లోనో చూడటం మనకు అలవాటు. సమాచార వ్యవస్థగా చూస్తేనే దాని శక్తీ పరిమితీ తెలుస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదన.

భుజం భుజం ఆనించి నడిచే పాత పదాతిదళానికి డోలు చాలింది. 18వ శతాబ్దంలో తేలికపాటి దళాలు చెట్ల చాటున, గుట్టల వెనుక చెదిరి పోరాడటం మొదలుపెట్టాక అధికారి గొంతు వారికి అందలేదు. జర్మనీలోని హానోవర్ సైన్యం వేటగాళ్ల కొమ్ముబూరను అర్ధచంద్రాకారపు లోహవాద్యంగా యుద్ధంలోకి తెచ్చింది. బ్రిటిష్ తేలికపాటి దళాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. 1798 నాటికి పిలుపులను ఒక పద్ధతికి తెచ్చే పని జరిగింది.

ఈ పద్ధతి ఎలా పనిచేసిందో 1857 సెప్టెంబరు 14 ఉదయం ఢిల్లీ కశ్మీరీ గేటు ఘటన చక్కగా చూపుతుంది. తలుపు పేల్చడానికి లెఫ్టినెంట్లు హోమ్, సాల్కెల్డ్‌ల వెంట బ్రిటిష్, భారతీయ సాపర్లు మందు సంచులు మోసుకుంటూ తూటాల వానలో ముందుకు ఉరికారు. 52వ రెజిమెంటు బ్యూగ్లర్ రాబర్ట్ హాథోర్న్ వారితో ఉన్నాడు. తలుపు కూలిందని వెనుక కాచుకున్న దళానికి తెలపడం అతని పని. ముందు తన రెజిమెంటు పిలుపు, ఆ వెంటనే 'ముందుకు' అన్న పిలుపు ఊదాడు. కాల్పుల హోరులో వినబడదేమోనన్న అనుమానంతో మూడుసార్లు ఊదాడు. దళం కదిలింది.

మొదటి పిలుపు చిరునామా, రెండోది ఆజ్ఞ. అవతలివారు విన్నారని జవాబిచ్చే దారి లేదు కనుక మళ్లీ మళ్లీ ఊదడం తప్పదు. తర్వాతి కాలపు తంతి, రేడియో సందేశాల్లో కనిపించే అమరిక మూలరూపంలో ఇక్కడే ఉంది. గాయపడ్డ సాల్కెల్డ్‌కు కట్టు కట్టడంతో సహా ఆనాటి తెగువకు హాథోర్న్‌కు విక్టోరియా క్రాస్ దక్కింది. అతని పక్కన నిలిచి ప్రాణాలొడ్డిన భారతీయ సాపర్లకు ఆ పతకం అందే వీలే లేదు. 1911 దాకా భారతీయ సైనికులను దానికి అర్హులుగా గుర్తించలేదు. ఈ అన్యాయాన్ని ప్రస్తావించకుండా ఆ ఘటనను చెప్పడం సరికాదు.

ఆ ఉదయం ఢిల్లీ గోడల మీద తిరుగుబాటు సిపాయిలున్నారు. వారిలో చాలామంది ఈస్టిండియా కంపెనీ కవాతులో తర్ఫీదైనవారే. ఆ 'ముందుకు' వారికీ అర్థమయ్యే పిలుపే. బ్యూగిల్‌లో గుట్టు దాగదు. చెవి ఉన్న ప్రతివాడికీ అది చేరుతుంది. మరతుపాకులు, భారీ ఫిరంగులు వచ్చాక ఆ చెవికి కూడా అందక, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి టెలిఫోన్ తీగలకు, వార్తాహరులకు చోటిచ్చి అది చాలావరకు తప్పుకుంది.

అయితే రేడియోలు కొరవడిన చోట అది మళ్లీ యుద్ధానికి వచ్చింది. కొరియా యుద్ధంలో చైనా సైన్యానికి రెజిమెంటు స్థాయికి దిగువన రేడియోలు దాదాపు లేవు. చిన్న దళాలను రాత్రివేళ నడిపింది బ్యూగిళ్లు, ఈలలే. 1950 నవంబరు 1 రాత్రి ఉన్సాన్ దగ్గర అమెరికన్ సైనికులు చీకట్లో నలువైపులా ఆ మోత విని బెదిరిపోయారు. మిత్రులకు ఆజ్ఞ అయినది శత్రువుకు భయమైంది.

దీనికి జవాబు 1951 ఏప్రిల్‌లో ఇమ్జిన్ నది దగ్గర వినిపించింది. 235వ గుట్టపై చుట్టుముట్టబడిన బ్రిటిష్ గ్లోస్టర్స్ బెటాలియన్‌లో అడ్జుటెంట్ ఫరార్-హాక్లీ, చైనా బ్యూగిళ్లకు జవాబివ్వమని డ్రమ్ మేజర్ బస్‌కు చెప్పాడు. బస్ నిలబడి మేలుకొలుపు నుంచి భోజనం పిలుపు దాకా రోజువారీ పిలుపులన్నీ ఊదాడు, ఒక్క 'రిట్రీట్' తప్ప. అవతలి బ్యూగిళ్లు ఆగిపోయాయి. ఏ దళాన్నీ కదిలించని ఆ పిలుపులు, మేమింకా ఇక్కడే ఉన్నామని ఇరుపక్షాలకూ చాటాయి. ఆ తర్వాత కొద్ది గంటల్లోనే గుట్ట చేజారింది, బెటాలియన్‌లో మిగిలినవారిలో అత్యధికులు బందీలయ్యారు.

సమాచార సాధనాల చరిత్రను తంతితో మొదలుపెట్టే మన పరిశోధకులు, దానికి ముందు బ్యూగిల్‌కూ ఒక అధ్యాయం కేటాయించాలి.