ఉక్కులోని చార, తెరమీది చార

హైదరాబాదు తూర్పుదిక్కున నున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పేటలు శిక్షణాలయములకును, విద్యార్థుల వసతిగృహములకును పేరుపడినవి. నేటి విద్యార్థులెరిగిన కంప్యూటరు ఆటలలో కౌంటర్-స్ట్రైక్ ఒకటి. రెండు జట్లు తుపాకులతో పోరాడు ఈ ఆటలో ఆయుధములకు ‘స్కిన్’ అను రంగుల తొడుగులు కలవు. ఇవి 2013 ఆగస్టులో ప్రవేశించినవి. తొడుగు మార్చినచో ఆయుధపు రూపమే మారును. గురిగాని, దెబ్బగాని మారదు. 2015లో కత్తులకు వచ్చిన తొడుగులలో ఒకదాని పేరు ‘డమాస్కస్ ఉక్కు’. ఈ పేరు వెనుక తెలంగాణపు చరిత్ర కొంత కలదు.

కోనసముద్రపు ఉక్కు

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు ఉక్కుకు ప్రసిద్ధికెక్కిన గ్రామము. అచటి పనివారు ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతి బిగించి, కొలిమిలో చాలసేపు కాచి, మెల్లగా చల్లార్చెడివారు. ఇట్టి మూస ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లుండును. భూవిజ్ఞాని వాయ్సీ ఈ పద్ధతిని స్వయముగా చూచి వ్రాసిన వర్ణన 1832లో అచ్చయ్యెను. పారశీక వర్తకులు ఇంతదూరము వచ్చి ఈ ఉక్కును కొనిపోయెడివారు. ఐరోపావారు దీనిని ‘వూట్జ్’ అనిరి. మన ‘ఉక్కు’ మాటయే అట్లు మారెనని పలువురి అభిప్రాయము. ఇట్టి ఉక్కుతో పశ్చిమాసియా కమ్మరులు చేసిన కత్తులకే డమాస్కస్ కత్తులని పేరు వచ్చెను.

ఆ కత్తులపై నీటి అలలవంటి చారలుండును. ఉక్కు మెల్లగా చల్లారి, పిమ్మట సుత్తిదెబ్బలు తినునప్పుడు, ఇనుమును కర్బనమును కలిసిన సిమెంటైట్ కణములు వరుసలు తీరును. ఆమ్లము పూయగా ఆ వరుసలు తెల్లగను, తక్కిన భాగము నల్లగను కనబడును. కావున ఆ చార లోహము లోపలి నిర్మాణమునకు గుర్తు. కొనువాడు దానిని చూచియే ఉక్కు జాతిని పోల్చుకొనెడివాడు.

తెరమీది చార

ఆటలోని చార వట్టి చిత్రము. దాని వెల అరుదుదనమునుండి పుట్టినది. ఆటగాడు సుమారు 2.5 డాలర్లిచ్చి తాళపుచెవి కొని, ఒక పెట్టెను తెరచును. అందేమున్నదో ముందుగా తెలియదు. చైనా నిబంధనల ననుసరించి 2017లో వెల్లడియైన లెక్క ప్రకారము కత్తివంటి అపురూప వస్తువు దొరకు అవకాశము నూటికి 0.26 మాత్రమే. అనగా సగటున 385 పెట్టెలకు ఒకటి; ఖర్చు సుమారు 960 డాలర్లు.

385 పెట్టెలు తెరచినచో కత్తి తప్పక దొరకునా? దొరకదు. ఒక్కసారి దొరకకుండుటకు అవకాశము 0.9974. ఈ సంఖ్యను దానితోనే 385 మారులు హెచ్చవేసినచో సుమారు 0.37 వచ్చును. అనగా అంత ఖర్చుచేసిన నూరుగురిలో ముప్పదియేడుగురు రిక్తహస్తములతో మిగులుదురు. ఇంతవరకు పోయినది గనుక ఇక వచ్చునను ఆశకు గణితములో ఆధారము లేదు. ప్రతి పెట్టెయు వెనుకటి నష్టము నెరుగదు. 2018లో బెల్జియము ఈ ఆటలోని పెట్టెలను జూదముగా పరిగణించినది.

ఈ గుణకారమును ఉపాధ్యాయులు తరగతిలో చేయించవచ్చును. ఇంటినుండి వచ్చిన నెలఖర్చు చేతిలో నున్న విద్యార్థికి సంభావ్యతా పాఠము ఇంతకంటె దగ్గరగా వచ్చుట అరుదు.