అండమాను దీవులలో చుక్కల దుప్పి

అండమాను అనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది కారాగారము. పిదప శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములనుండి జీవనోపాధికై అచటికేగి స్థిరపడిన మన సోదరులు జ్ఞప్తికి వత్తురు. ఆ దీవులకు కడలి దాటింపబడిన మరియొక ప్రాణి కలదు. అది చుక్కల దుప్పి.

20వ శతాబ్ది తొలి దశకములలో ఆంగ్లేయులు వేట వినోదమునకును, కంటి కింపునకును ఈ మృగమును తెచ్చి విడిచిరి. మన అడవులలో పులియు, చిఱుతయు, రేచుకుక్కలును దుప్పుల సంఖ్యను అదుపులో నుంచును. అండమానులో అట్టి మృగ మేదియు లేదు. పైగా దుప్పి ఈతలో నేర్పరి. కడలిపాయల నీది దీవినుండి దీవికి వ్యాపించెను.

1962లో మరియొక విపత్తు వాటిల్లెను. కలప సంస్థ యొకటి వ్యాపారము చెడి, ఇంటర్వ్యూ దీవిలో సుమారు 40 ఏనుగులను విడిచిపోయెను. ఏనుగులు చెట్ల బెరడు నొలుచును. దుప్పులు మొలకలను మేయును. పాతచెట్టు చచ్చును, క్రొత్తచెట్టు పెరుగదు. మన బెంగుళూరినుండి వెలువడు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో 2004లో రవూఫ్ అలీ ఈ సంగతిని సోదాహరణముగా వివరించిరి. దుప్పులు మెండుగా నున్నచోట పొదలు పలుచబడి, వాని నాశ్రయించిన బల్లిజాతులు తగ్గుచున్నవని 2016లో ప్రకటితమైన పరిశీలన తెలిపినది.

ఇట్టి కీడును తొలగించుట అసాధ్యము కాదు. న్యూజీలాండువారు 113 చదరపు కిలోమీటర్ల కాంబెల్ దీవిలో, ఓడలవెంట వచ్చిన ఎలుకలను 2001లో విషపుటెరలు చల్లి నిర్మూలించిరి. పొరుగు చిఱుదీవిలో మాత్రమే మిగిలిన, ఎగురజాలని బాతుజాతి 2004లో తిరిగి స్వస్థానము చేరెను.

కాని ఎలుకపై లేని జాలి దుప్పిపై కలుగుట సహజము. మన కథలలో మునివాటికల కది యలంకారము. 2018నుండి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపమని పిలువబడుచున్న రాస్ దీవిలో యాత్రికులు దానిని చూచి ముచ్చటపడుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది. 2022 సవరణ హానికరములగు పరజాతులను నిర్వచించినను, భారతదేశమునకు చెందనివానినే అట్లు పేర్కొన్నది. దుప్పి భారతీయమే కదా! చట్టము దేశపటమును చూచినది; నడుమనున్న సముద్రమును చూడలేదు.

కన్నడసీమలో తరతరములుగా వసించు మనము ఇచట ఒక భేదము గుర్తింపవలెను. వలస వచ్చిన మనుష్యుడు ఊరి మర్యాద నెఱిగి, ఇరుగుపొరుగుల భాష నేర్చి, ఆ నేల మేలు కోరగలడు. మృగమున కట్టి వివేకము లేదు. ఆకలి యొక్కటే దానికి తెలియును. దోషము దుప్పిది కాదు, తెచ్చి విడిచిన మానవునిది. కావున వీలైనచోట పట్టి తరలించియో, సంఖ్య నరికట్టియో, దానిని చేరని దీవుల కీదకుండ కాచియో, ఆ తప్పు దిద్దు భారమును మానవునిదే. జాలి యన్నది కంటికి కనబడు దుప్పికే కాక, కనబడక నశించు మొలకకును చెందవలెను.