దొరువు: ఇసుక దాచిన తీపి నీరు

ఒంగోలు చుట్టూ నల్లరేగడి. కొత్తపట్నం వైపు వచ్చేకొద్దీ ఇసుక నేలలు, సరుగుడు తోటలు, ఆ వెనక సముద్రం. అంత ఉప్పు పక్కన తీపి నీళ్లు ఎలా దొరుకుతాయి? దానికి జవాబే దొరువు: నీరు ఊరేదాకా ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంట. తమిళంలో పెద్ద బావిని ‘తురవు’ అంటారు. రెండూ ఒక తల్లి బిడ్డలే.

చెరువులోకి నీరు వచ్చి చేరుతుంది, దొరువులో నీరు ఊరుతుంది. ఇసుకలోకి ఇంకిన వాన నీరు ఉప్పునీటికన్నా తేలిక కనుక దాని మీద తేలి నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 మీటర్లు ఉంటుందని శాస్త్రం లెక్క. అంటే పైన ఒక్క మీటరు తగ్గితే కింది ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి ఎగబాకుతుంది. లోతుగా బోరు వేసి మోటారుతో గుంజడం ఇక్కడ ప్రమాదం అందుకే. రైతు దొరువులోకి దిగి, కుండలు ముంచి, మొక్క మొక్కకూ పోసేవాడు. ఆ ఓపికే నీటిని కాపాడింది. నా దృష్టిలో అది గొప్ప ఇంజనీరింగు.

బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ సూత్రాన్నే తీసుకుని, ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి, పైపొర నీటిని ఒక బావిలోకి చేర్చి తోడే పద్ధతిని రూపొందించారు. దాన్నీ దొరువు అనే పిలుస్తున్నారు.