పెరటి తేనెటీగలు, బాతులు, పండ్ల పొదలు (మదనపల్లె ప్రాంతం)

తేనెటీగలు, బాతులు, పండ్ల పొదలను ఒకే చోట పెంచడం అనేది చిన్న కమతాల రైతులు ప్రధాన పంటకు తోడుగా చేపట్టదగిన అనుబంధ వ్యవసాయం. ఈ వ్యాసంలో గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేల, నీరు, పంటలను దృష్టిలో ఉంచుకొని ఈ విషయం వివరించబడినది.

ప్రాంత పరిస్థితులు

ఇవి పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగాలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో గుర్రంకొండ, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. ఈ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 నుండి 750 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. ఎర్ర నేలలు, రాతి గుట్టలు, గొలుసుకట్టు చెరువులు ఇక్కడి సహజ లక్షణాలు. చెరువులు నిండని సంవత్సరాలు ఎక్కువ కావడం వలన సాగు చాలావరకు గొట్టపు బావుల మీద ఆధారపడుతుంది. వర్షాధారంగా వేరుశనగ, బోరు కింద టమాటా, తోటలలో మామిడి, కుప్పం వైపు మల్బరీ ముఖ్యమైన పంటలు.

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. గుర్రంకొండలోనూ టమాటా మార్కెట్టు ఉంది. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటిన టమాటా, కోత కూలి కూడా రాక పొలం గట్టున పారబోసిన సందర్భాలు ఉన్న పంట. ఒకే పంట ధర మీద కుటుంబం ఆధారపడిన చోట గుడ్లు, తేనె, కాయల వంటి చిన్న ఆదాయాలకు ప్రాముఖ్యత ఏర్పడుతుంది.

తేనెటీగలు

ఈ ప్రాంతంలో సహజంగా కనబడే తేనెటీగలలో కొండ తేనెటీగ (ఎపిస్ డార్సేటా) బండల అంచులకు, ఎత్తైన చెట్లకు పెద్ద పట్టు పెడుతుంది. దీనిని పెట్టెలలో పెంచడం సాధ్యం కాదు. చిన్న తేనెటీగ (ఎపిస్ ఫ్లోరియా) పొదలలో ఒకే ఒక పట్టు పెడుతుంది, దాని తేనె అతి స్వల్పం. పెంపకానికి అనువైన స్వదేశీ జాతి పుట్ట తేనెటీగ (ఎపిస్ సెరానా ఇండికా). ఇది చెట్టు తొర్రలు, పుట్టల వంటి చీకటి చోట్లలో సమాంతరంగా అనేక పట్లు పెడుతుంది కనుక చట్రాలున్న పెట్టెకు సులభంగా అలవాటు పడుతుంది. దక్షిణ భారతదేశంలో ఇందుకు వాడే న్యూటన్ పెట్టెను తిరుచిరాపల్లిలో పనిచేసిన జెస్యూట్ ఫాదర్ న్యూటన్ 1910 దశకంలో ప్రచారంలోకి తెచ్చాడు.

1991-92లో థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాది రాష్ట్రాలలో పుట్ట తేనెటీగల పెట్టెలలో అత్యధిక భాగాన్ని నాశనం చేసింది. ఇది పిల్ల పురుగులను చంపే తెగులు. ఆ తరువాత ఎక్కువ తేనె ఇచ్చే ఐరోపా తేనెటీగ (ఎపిస్ మెల్లిఫెరా) పెంపకం దక్షిణాదిన విస్తరించింది. అయితే ఈ జాతి పెట్టెలను పూత ఉన్న చోటికల్లా లారీలలో తరలించవలసి ఉంటుంది. పెరట్లో రెండు మూడు పెట్టెలు ఉంచుకొనే రైతుకు, ఏడాదికి పెట్టెకు కొద్ది కిలోలే ఇచ్చినా, పుట్ట తేనెటీగయే తగినది.

టమాటా తోటలు తేనెటీగలకు మేత అవుతాయని చాలామంది భావిస్తారు. కానీ టమాటా పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి రాలాలంటే పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో కంపింపజేయాలి. తుమ్మెదలు ఆ పని చేయగలవు, తేనెటీగలు చేయలేవు. పైగా తెల్లదోమ నివారణకు చల్లే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు తేనెటీగలకు ప్రాణాంతకం. అందువలన టమాటా మడి పక్కన పెట్టె ఉంచడం వలన లాభం లేకపోగా నష్టం ఉంది. తప్పనిసరి అయినప్పుడు పొరుగు రైతుతో మాట్లాడి, ఈగలు గూటికి చేరిన తరువాత సాయంత్రం పూట మందు కొట్టేటట్లు చూసుకోవాలి.

దీనికి భిన్నంగా మల్బరీ తోట పక్కన పెట్టెకు రక్షణ ఎక్కువ. మల్బరీ పూత గాలి ద్వారా పరాగసంపర్కం జరుపుకొనేది కనుక దానిలో మకరందం దొరకదు. కానీ విషపు ఆకు తింటే పట్టుపురుగులు చనిపోతాయి కాబట్టి రైతులే అక్కడ పురుగుమందుకు దూరంగా ఉంటారు. అసలు మేత కానుగ, వేప, చింత, నేరేడు, కుంకుడు, కొబ్బరి, పొద్దుతిరుగుడు పూలలో దొరుకుతుంది. పూత లేని నెలలలో చక్కెర పాకం పెట్టాలి. చీమలు ఎక్కకుండా పెట్టె కోళ్ళను నీళ్ళ గిన్నెలలో ఉంచుతారు.

పండ్ల పొదలు

విదేశీ బెర్రీ జాతులు చలి కోరేవి, ఈ ఎర్ర నేలలకు సరిపడవు. వాటి స్థానంలో వాక్కాయ (కారిస్సా కరండాస్), కలివి, రేగు, ఫాల్సా ఉన్నాయి. వాక్కాయ ముళ్ళపొద. పశువులు మేయవు, ఎండకు తట్టుకుంటుంది, కంచెకు కంచె, కాయకు కాయ. పుల్లని పచ్చికాయలను పప్పులో, పచ్చడిలో వాడతారు. కేకుల మీద పెట్టే ఎర్రని "చెర్రీలు" చాలావరకు చక్కెర పాకంలో ఊరవేసి రంగు వేసిన వాక్కాయలే. కలివి గుట్టల మీద తనంతట పెరిగే దాని దగ్గరి బంధువు. 1986లో కడప జిల్లాలో తిరిగి కనబడిన అరుదైన పక్షి కలివికోడి ఇటువంటి ముళ్ళపొదల నేలలలోనే జీవిస్తుంది. తేనెటీగల దృష్టిలో రేగు వీటన్నింటికన్న విలువైనది. వానాకాలం చివర దాని చిన్న పూలలో మకరందం సమృద్ధిగా ఉంటుంది.

బాతులు

ఆంధ్ర ప్రదేశ్‌లో బాతుల పెంపకం గోదావరి, కృష్ణా డెల్టాలలోను, నెల్లూరు వైపు వరి కోసిన మళ్ళలోను అధికం. మెట్ట ప్రాంతంలో ఇవి అరుదు. బాతుకు ఈదడానికి చెరువు తప్పనిసరి కాదు. కళ్ళు, ముక్కు రంధ్రాలు కడుక్కోవడానికి తల మునిగేంత లోతున్న తొట్టి చాలు. గుడ్ల కొరకు పెంచే ఖాకీ కాంప్‌బెల్ జాతి మంచి పోషణలో ఏడాదికి 300 గుడ్ల వరకు పెడుతుంది. దీని పూర్వీకులలో ఒకటైన ఇండియన్ రన్నర్ పేరుకు భారతీయమే గాని ఆగ్నేయాసియాకు చెందినది. ఖాకీ కాంప్‌బెల్ సాధారణంగా పొదగదు. గుడ్లను కోడి కింద పెడితే 28 రోజులకు పిల్లలవుతాయి. బాతులు తెల్లవారుజామున గుడ్డు పెడతాయి కనుక ఉదయం 9 గంటల వరకు వాటిని పాకలోనే ఉంచాలి.

ఈ ప్రాంతంలో బాతులకు ప్రధాన ముప్పు మేతలోనే ఉంది. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఏర్పడుతుంది. దీనికి పెంపుడు పక్షులలో బాతు పిల్లలు అతి సున్నితమైనవి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు, వాటితోపాటు బాతు పిల్లలు చనిపోయినప్పుడు కారణం దిగుమతి చేసుకున్న వేరుశనగ పిండియేనని తేలింది. ఇంట్లో చవకగా దొరికే చెక్క అయినా వానలో తడిసినది బాతులకు వేయరాదు.

అమరిక

తొట్టిలోని మురికి నీటిని రోజూ వాక్కాయ, రేగు పాదులకు మళ్ళిస్తే నీటి ఖర్చు వృథా కాదు. బాతులు రాలిన కాయలు, నత్తలు, పురుగులు ఏరుకొని తింటాయి. పెట్టెల ముందు నేల మీద వాలిన ఈగలను కూడా తింటాయి కనుక పెట్టెలను పొదల కంచెకు అవతల, ద్వారం తూర్పుకు ఉండేటట్లు అమర్చడం మంచిది.

కుప్పం, పలమనేరు ప్రాంతాలలో కౌండిన్య అభయారణ్యం నుండి ఏనుగులు పొలాల మీదికి వస్తుంటాయి. ఏనుగులు తేనెటీగల రొదకు బెదురుతాయి. ఈ లక్షణం ఆధారంగా ఖాదీ, గ్రామీణ పరిశ్రమల సంఘం 2021 మార్చిలో కర్ణాటకలోని కొడగు జిల్లాలో ఏనుగుల దారుల వెంట తేనె పెట్టెల కంచెలు వేయించింది.