ఆవిరి తెలిసిన చేతులు

రామగుండం థర్మల్ కేంద్రంలో బాయిలర్‌లోకి వెళ్లే నీళ్లను ముందు లవణాలు లేకుండా శుద్ధి చేస్తారు. ఎంత తేటగా కనిపించినా నీళ్లలో సున్నం ఉంటుంది. మరిగినకొద్దీ అది గొట్టాల లోపల పెచ్చు కడుతుంది. అక్కడ పుట్టిన కరెంటే కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఒక ఇంటి స్టీమ్ ఐరన్‌ను వేడెక్కిస్తుంది. ఆ ఇంట్లో మాత్రం ఐరన్ ట్యాంకులో నేరుగా బోరునీళ్లు పోస్తారు. కొన్నాళ్లకు ఆవిరి రంధ్రాలు మూసుకుపోతాయి, తెల్లచొక్కా మీద గోధుమరంగు మరకలు పడతాయి. పెట్టె చెడిపోయిందని అటక మీద పడేస్తారు. చాలాసార్లు తప్పు నీళ్లది.

నీళ్ల గుణం, ఆవిరి బలం మన ఊళ్లలో అందరికన్నా బాగా ఎరిగినవాళ్లు రజకులు. సౌడు మట్టి కలిపిన నీళ్లలో బట్టలు ముంచి, చాకిబాన మీద పేర్చి, కింద మంటపెట్టి ఆవిరి పట్టించేవారు. ఉబ్బ వేయడం అంటే అదే. సౌడులోని సోడా జిడ్డును వదలగొడుతుంది, నీళ్లలోని సున్నాన్నీ విరగ్గొడుతుంది. ఆ రసాయనం పేరు ఏ పుస్తకంలోనూ చదవకుండానే తరతరాలుగా దాన్ని చేతుల్లో పెట్టుకున్నారు.

ఇంత నేర్పుకు దొరల గడీల్లో కూలి దక్కలేదు. నిజాం కాలపు తెలంగాణలో బట్టలుతకడం వెట్టిచాకిరిలో భాగం. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టికి వ్యతిరేకంగా గొంతెత్తింది. అందులో ముందున్న మాడపాటి హనుమంతరావే 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. పాలకుర్తిలో రజక కుటుంబానికి చెందిన చిట్యాల ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను నిలబెట్టుకుంది. బట్టల చరిత్ర రాసేటప్పుడు ఈ మనుషులను వదిలేసి యంత్రాల గురించే చెప్పడం అన్యాయం.

బొగ్గుల ఇస్త్రీపెట్టెలోనూ ఒక విశేషం ఉంది. బెల్లంపల్లి, గోదావరిఖని నేల కింద రాక్షసిబొగ్గు నిండా ఉన్నా ఆ పెట్టెలో వేసేది కట్టెబొగ్గులే. రాక్షసిబొగ్గు పొగకు, వాసనకు బట్ట పాడవుతుంది. నేల బొగ్గు ఇస్త్రీకి పనికిరావాలంటే ముందు కరెంటుగా మారాలి. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం, 1983లో అక్కడే ఎన్టీపీసీ తొలి యూనిట్ మొదలయ్యాయి.

కరెంటు ఇస్త్రీపెట్టెకు 1882లోనే న్యూయార్క్‌లో హెన్రీ సీలీ పేటెంటు తీసుకున్నాడు. 1906లో నిక్రోమ్ తీగ వచ్చాకే అది నమ్మకంగా కాలింది. ఆ తీగను అభ్రకం రేకు మీద చుట్టేవారు. అభ్రకం వేడి తట్టుకుంటుంది, కరెంటు పారనివ్వదు. మన నెల్లూరు ప్రాంతంలోని గూడూరు గనుల్లో దొరికే కాకిబంగారం అదే. ఆవిరి వదిలే పెట్టె 1926లో న్యూయార్క్ మార్కెట్లోకి వచ్చింది.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ముందు కంపెనీ ఇచ్చిన పుస్తకం చూడాలి, కొన్ని పెట్టెలకు వెనిగర్, నిమ్మఉప్పు లాంటి పులుపు పనికిరాదు. పుస్తకం ఒప్పుకుంటే గ్లాసు నీళ్లలో చెంచాడు నిమ్మఉప్పు కరిగించి ట్యాంకులో పోయండి. పూర్తిగా వేడెక్కించి, ప్లగ్గు తీసి, సింకు మీద అడ్డంగా పట్టుకుని ఆవిరి మీట మొత్తం తెరిచి మెల్లగా ఊపండి. సలసల కాగే నీళ్లతో పాటు తెల్లపెచ్చులు రాలతాయి, చేతులు జాగ్రత్త. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు ఇలాగే చేసి, పాతగుడ్డ మీద తోమి చూడండి. అడుగున అంటుకున్న గంజిమాడు కోసం కత్తితో గీకొద్దు. మామూలు లోహపు అడుగైతే చల్లారాక తినే సోడా ముద్దతో రుద్దవచ్చు. నాన్‌స్టిక్ పూతైతే తడిగుడ్డే చాలు. బోరునీళ్ల బదులు లవణాలు తీసిన నీళ్లు పోయడం, పనయ్యాక ప్లగ్గు తీసి ట్యాంకు ఖాళీ చేయడం అలవాటైతే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

రిపేరుకు వచ్చేవాటిలో ఎక్కువగా కనిపించేది పిడి దగ్గర వంగి వంగి తెగిన వైరు. దాన్ని మార్చడం తేలికే, పచ్చ ఎర్త్ వైరు మాత్రం విడిచిపెట్టకూడదు. పాత పెట్టెలో ఎలిమెంటు కాలిపోతే అభ్రకం రేకు ఒక్కటే మార్చేవారు. ఇప్పటి స్టీమ్ ఐరన్‌లో ఎలిమెంటు అడుగులోనే పోతపోసి ఉంటుంది, అది పోతే అడుగు మొత్తం మార్చాలి. ఒక మంచి గుణం ఇలా పోయిందని నాకు బాధగానే ఉంటుంది. వేడి మితిమీరితే తెగే థర్మల్ ఫ్యూజు ఉంటుంది. తెగినచోట ఉత్త తీగ కలిపి నడిపించడం ప్రాణాలతో చెలగాటం.

2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో లాండ్రీలకు, దోభీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం. వెయ్యి వాట్ల పెట్టె గంటసేపు ఆగకుండా కాలితే ఒక యూనిట్. అంటే రోజుకు ఎనిమిది గంటల పని వెళ్లిపోతుంది. ఇస్త్రీ బండ్ల దగ్గర ఎక్కువగా కనిపించేవి ట్యాంకు లేని బరువైన పెట్టెలే. నీళ్లు చేత్తో బట్ట మీద చల్లుతారు, పెట్టె తగిలినచోట బట్టలోనే ఆవిరి లేస్తుంది. నీళ్లు లోపలికి వెళ్లవు కనుక వాటిలో సున్నం పేరుకునే చోటే లేదు.